పెళ్లయ్యేదాకా సాక్ష్యాలు ఆపమంటున్నారు, ఒప్పుకోనా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వెయ్యొద్దన్నారు. ఊళ్లోవాళ్లు గుర్తుపట్టే వివరాలు తీసేసి, మిగతాది కుదించి చెబుతున్నాను.

ఆవిడకి నలభై ఆరేళ్లు. అత్తవారిల్లు పక్క మండలంలో. పుట్టింట్లో నాన్నగారు సొంతంగా సంపాదించిన నాలుగెకరాల జీడితోట ఉంది. ఆయన 2019లో పోయారు. ఏడాది తిరక్కుండా అన్నయ్య ఒక వీలునామా బయటపెట్టాడు. 2017లో నాన్న తోటంతా తనకే రాశారని, రిజిస్టరు కాకపోయినా ఇద్దరు సాక్షుల సంతకాలు ఉన్నాయని ఆయన మాట. ఆ సంతకం నాన్నది కాదని ఈవిడ నమ్మకం. 2022లో భాగం కోసం దావా వేశారు, పోలీసులకి ఫిర్యాదు కూడా ఇచ్చారు. పోలీసు కేసు ఎక్కడ ఆగిందో ఎవరూ చెప్పడం లేదు. దావా మాత్రం నత్తనడకన సాక్ష్యం దశకి వచ్చింది. ఈవిడ చీఫ్ అఫిడవిట్ (తన సాక్ష్యం రాసిచ్చే ప్రమాణపత్రం) వేసేశారు. పద్దెనిమిది రోజుల్లో వాయిదా. ఆ రోజు కాగితాల మార్కింగు, అంటే వాటిని సాక్ష్యంగా నమోదు చెయ్యడం. తర్వాత క్రాస్, అంటే అవతలి ప్లీడరు ప్రశ్నలు.

ఇంతలో అన్నయ్య కూతురికి సంబంధం కుదిరింది. మాఘమాసంలో పెళ్లి. చిన్నాన్నగారు ఇంటికొచ్చి, "అన్నా సెల్లీ బోనెక్కి ఒకలి మీద ఒకలు సెప్పుకుంతంటే పెళ్లోరు ఏటనుకుంతారమ్మా? వైశాఖం దాకా ఆపీండి. పెళ్లయ్యాక అందరం కూకోని తేల్చీద్దాం" అన్నారు. వదినగారి తమ్ముడు ఇంకో మెట్టెక్కి, ఇప్పటికి దావా తీసేసుకుని కావాలంటే తర్వాత మళ్లీ వేసుకోమన్నాడు. అమ్మ ఏడుస్తోంది. ఈవిడ ప్లీడరుగారు ఆపొద్దంటున్నారు. అవతలి ప్లీడరేమో, మీరు ఒప్పుకోకపోతే పోలీసు కేసు తేలేదాకా దావా ఆపమని మేమే పిటిషన్ వేస్తామని కబురు పెట్టారు. తెలిసినాయన ఒకరు, "స్టే ఇచ్చినా భయం లేదు, ఆరు నెలలకి దానంతటదే పోతుంది" అని ధైర్యం చెప్పారు.

ఇంకో సంగతి. వీలునామా మీద సంతకం పెట్టిన ఇద్దరిలో ఒకాయన కరోనాలో పోయారు. రెండో ఆయన నాన్నగారి స్నేహితుడు, ఎనభైకి దగ్గర పడ్డారు, సోమ, గురువారాల్లో డయాలసిస్‌కి వెళ్తారు. నిరుడు అరుగు మీద కూర్చుని ఈవిడతో, "మీ నాన్న లేనప్పుడు నా చేత సంతకం పెట్టించారమ్మా" అన్నారట.

ఉత్తరం చివర రెండు ప్రశ్నలు. ఆపడానికి ఒప్పుకుంటే కేసు పోతుందా? పెళ్లికి వెళ్తే కేసు బలహీనపడుతుందా?

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి, ఇంట్లో అందరూ ఒకే మాట అంటున్నట్టు అనిపించింది: ఆపు. రెండోసారి చదివితే ఆ ఒక్క మాటలో ఒక్కొక్కరూ ఒక్కో పని అడుగుతున్నారని అర్థమైంది. చిన్నాన్నగారు అడుగుతున్నది వాయిదాలు. అవతలి ప్లీడరు అంటున్నది స్టే. వదినగారి తమ్ముడు చెప్పింది దావా ఉపసంహరణ. అమ్మ అడిగేది ఈ మూడింటిలో ఏదీ కాదు, పిల్లలిద్దరూ ఒక పందిట్లో కనబడాలని. ఆవిడ కోరిక తీరడానికి కోర్టులో ఏదీ ఆపక్కర్లేదు. దాని సంగతి చివర్లో మాట్లాడుకుందాం.

ముందు ఆ ఉపసంహరణ మాట పక్కన పడేద్దాం. కోర్టు అనుమతి తీసుకోకుండా దావా వెనక్కి తీసుకుంటే, అదే విషయం మీద మళ్లీ దావా వెయ్యడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 23వ ఆర్డరు అడ్డొస్తుంది. భాగం దావాల్లో దీన్ని దాటడానికి వాదనలు లేకపోలేదు. అయితే ఆ వాదనలు చేసుకోవడానికే మీకు ఇంకో మూడేళ్లు పడుతుంది. సలహా ఇచ్చినాయన మంచి ఉద్దేశంతోనే ఇచ్చి ఉండొచ్చు. ఆ సలహా మాత్రం మీరు పట్టించుకోవద్దు.

ఇక మీ కేసు. తోట నాన్నగారి స్వార్జితం అని రాశారు. అలాంటప్పుడు లెక్క సూటిగా ఉంటుంది. వీలునామా నిలబడితే తోట అన్నయ్యది, మీకేమీ రాదు. నిలబడకపోతే అమ్మ, అన్నయ్య, మీరు, మూడు సమాన వాటాలు. (అమ్మకీ ఒక వాటా ఉందన్న సంగతి మీ ఆరు పేజీల్లో ఎవరి నోటా రాలేదు, మీ నోట కూడా.) అంటే కేసంతా ఆ ఒక్క కాగితం మీద ఉంది. ఆ కాగితం నిజమో కాదో చెప్పగల మనిషి ప్రాణాలతో ఉన్నది ఒక్కరే, ఆయన వారానికి రెండుసార్లు డయాలసిస్ బల్ల మీద పడుకుంటున్నారు. ఆ బల్ల మీద వైశాఖం ఎంత దూరమో ఇంతమంది కిడ్నీ రోగులున్న ఉద్దానంలో పుట్టిన మీకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

వీలునామాని రుజువు చేసే భారం దాన్ని తెచ్చినవాళ్లదే, అంటే మీ అన్నయ్యది. వీలునామా చెల్లాలంటే ఇద్దరు సాక్షులు ఉండాలి. రాసినాయన సంతకం పెట్టడం వాళ్లిద్దరూ చూసి ఉండాలి, లేదా అది తన సంతకమేనని ఆయనే వాళ్లతో చెప్పి ఉండాలి. వాళ్లు కూడా ఆయన ఎదురుగానే సంతకాలు పెట్టాలి. ఆ సాక్షుల్లో సాక్ష్యం చెప్పగల స్థితిలో ఒక్కరున్నా సరే, ఆ ఒక్కరినైనా కోర్టుకి తేకుండా వీలునామాని రుజువు చెయ్యడం కుదరదు. కాబట్టి ఆ పెద్దాయన ఉన్నంతకాలం మీ అన్నయ్య ఆయన్ని బోనెక్కించక తప్పదు. బోనెక్కితే మీ ప్లీడరుగారు అడుగుతారు: మీరు సంతకం పెట్టినప్పుడు ఆయన ఎక్కడున్నారు?

ఆయన పోతే చట్టం వేరే దారి చూపిస్తుంది. సాక్షులెవరూ మిగలనప్పుడు, ఒక సాక్షి సంతకం అతని చేతిరాతేనని, వీలునామా మీది సంతకం రాసినాయన చేతిరాతేనని చూపిస్తే చాలు. పెద్దాయన చేతిరాత తెలిసినవాళ్లని తేవడం కష్టమేమీ కాదు, ఆయన కొడుకే రావచ్చు. నిజానికి ఆ సంతకం పెద్దాయనదే కదా, ఎవరు కాదంటారు? ఆ సంతకం ఎప్పుడు పెట్టారు, ఎవరి ఎదురుగా పెట్టారు అన్న ప్రశ్న మాత్రం అడగడానికి మనిషి ఉండడు. నేను విజయనగరంలో ప్రాక్టీసు పెట్టిన కొత్తలో సరిగ్గా ఇలాగే జరిగింది. సంక్రాంతి పోనిద్దామని రెండు వాయిదాలు తీసుకున్నాం. మూడో వాయిదాకి సాక్షి లేడు, ఆయన సంతకం మాత్రం కోర్టుకొచ్చింది. ఆ వాయిదాలు అడిగింది నేనే.

అన్నయ్య ఈ లెక్క వేసుకునే ఆపమంటున్నాడని నేననడం లేదు. ఆడపిల్ల పెళ్లి పెట్టుకున్న తండ్రికి కోర్టు మెట్లంటే చిరాకు ఉంటుంది. పైగా పెద్దాయన పోతే నష్టం అన్నయ్యకీ కొంత ఉంది. అనుమానాలున్న వీలునామాలో ఆ అనుమానాలు తీర్చే బాధ్యత దాన్ని తెచ్చినవాళ్లదేనని సుప్రీంకోర్టు 1958లోనే చెప్పింది. బతికున్న సాక్షి అండ లేకుండా ఆ పని చెయ్యడం తేలిక కాదు. పెద్దాయన నిజంగా అన్నయ్య వైపే చెప్పేవారైతే ఆలస్యం వల్ల ఎక్కువ పోగొట్టుకునేది అన్నయ్యే. కానీ అరుగు మీద మీతో అన్నదే బోనులోనూ చెప్పేవారైతే పోగొట్టుకునేది మీరు.

కాబట్టి మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ముందు జరగాల్సింది పెద్దాయన సాక్ష్యం. దీనికి చట్టంలో వీలుంది. సాక్షి కోర్టు పరిధి దాటి వెళ్లిపోతున్నా, వెంటనే విచారించడానికి తగిన కారణం ఇంకేదైనా ఉన్నా, దావా ఏ దశలో ఉన్నా సరే అతని సాక్ష్యం ముందే తీసుకోమని ఏ పక్షమైనా అడగొచ్చు. అదే కోడ్ 18వ ఆర్డరు 16వ రూలు. కోర్టుకి రాలేని రోగి అయితే అడ్వొకేట్ కమిషనర్‌ని ఇంటికి పంపమని అడగొచ్చు. 26వ ఆర్డరు. జబ్బు సంగతి చెప్పడానికి డాక్టరు కోర్టుకి రానక్కర్లేదు, ఆయనిచ్చిన సర్టిఫికెట్‌ని కోర్టు తీసుకోవచ్చు. కమిషనర్ ఫీజు మామూలుగా పిటిషన్ వేసినవాళ్లే ముందు కట్టాలి. ఖర్చుల గురించి కూడా రాశారు కాబట్టి చెబుతున్నా, ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కనుక్కోండి, హెల్ప్‌లైన్ 15100.

ఇందులో ఒక చిక్కుంది. ఆయన అసలు అన్నయ్య సాక్షి. మీరే పిలిస్తే ఆయన మీ సాక్షి అవుతారు. మన సాక్షిని మనమే క్రాస్ చెయ్యలేం, ఆయన మాట మారిస్తే కోర్టు అనుమతి అడగాలి. అందుకని అన్నయ్య తరఫునే ముందు ఆయన చీఫ్ వేయించి, వెంటనే క్రాస్ పెట్టేలా అడగడం మేలా, కోర్టు ఏ పద్ధతికి ఒప్పుకుంటుంది అన్నది మీ ప్లీడరుగారు తేల్చాలి. కేసు కట్ట చూడకుండా నేను చెప్పగలిగింది కాదు. మీరు చెయ్యకూడనిది మాత్రం చెబుతాను. ఆయన దగ్గరికి మళ్లీ వెళ్లకండి, పళ్లు పట్టుకుని పలకరించడానికైనా సరే. వెళ్తే క్రాస్‌లో మొదటి ప్రశ్న దాని గురించే వస్తుంది. ఫోన్లో రికార్డు చేద్దామన్న ఆలోచన ఉత్తరంలో మార్జిన్లో రాసి కొట్టేశారు, అది కొట్టేసే ఉంచండి. రికార్డింగు ఉంటే ఆయన మాట మార్చినప్పుడు నిలదియ్యడానికి పనికొస్తుందేమో గానీ, సాక్ష్యానికి బదులు కాదు.

మీ కేసులో పాడైపోయేవి ఇంకా ఉన్నాయి. వీలునామా అసలు కాగితం కోర్టులో ఉందా, జిరాక్సు మాత్రమే వేశారా? ఉత్తరంలో అది స్పష్టంగా లేదు. అసలు కాగితం అన్నయ్య బీరువాలో ఉండగా ఆరు నెలలు ఆపడానికి ఒప్పుకోకండి. చెదలకి పెళ్లిళ్లతో పనిలేదు. అలాగే నాన్నగారి సంతకాలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు పడిపోయిన చెట్లకి పరిహారం కోసం నాన్నగారు సంతకం పెట్టి అర్జీ ఇచ్చారని రాశారు. ఆ మాట మీరు తుపాను గురించి చెబుతూ యథాలాపంగా రాసినట్టున్నారు, నాకు మాత్రం అక్కడ కళ్లు ఆగాయి. వీలునామా తేదీకి ఏడాది దగ్గర్లో, ఎవరూ వివాదం పెట్టని సంతకం అది. సంతకాలు పోల్చే నిపుణుడికి పదేళ్ల నాటి సంతకం కన్నా ఇలాంటిది కావాలి. అది ఇంకా ఏదో ఆఫీసు అలమరలో ఉండొచ్చు, లేదా సొసైటీ అప్పు కాగితాల్లో ఇంకొకటి దొరకొచ్చు. ఆఫీసులూ బ్యాంకులూ పాత కాగితాలు కలకాలం దాచవు. కోర్టు ద్వారా వాటిని తెప్పించే పిటిషన్ ఇప్పుడే వెయ్యాలి. దీనికి పెళ్లితో తగవు రాదు, ఎవరూ బోనెక్కక్కర్లేదు.

మూడోది తోట. చిన్నాన్నగారు వైశాఖం దాకా అన్నారు. ఆ మధ్యలో జీడి పిక్కల కాలం మొత్తం వచ్చేసి పోతుంది. ఎనభై కిలోల బస్తాలు ఎన్ని దిగాయి, ఎంతకి అమ్మారు అన్నది ఎవరు రాసుకుంటారు? చివరికి మీకు వాటా వస్తే ఇన్నేళ్ల ఆదాయం లెక్క కూడా అడగొచ్చు, కానీ లెక్క ఉంటే కదా అడిగేది. ఈలోగా తోట అమ్మేస్తారని మీకో భయం. దావా నడుస్తుండగా కొన్నవాడు కూడా తీర్పుకి కట్టుబడాల్సిందే, ఆ మేరకు చట్టం కాపాడుతుంది. చెట్లు కొట్టేస్తే మాత్రం ఏ సెక్షనూ వాటిని తిరిగి నిలబెట్టదు. జీడిమొక్క కాపుకి రావడానికే మూడు నాలుగేళ్లు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

ఒకటి, ఏమీ ఆపనని చెప్పడం. ప్లీడరుగారు చెబుతున్నది ఇదే, కేసు వరకు చూస్తే ఆయన మాటలో తప్పు లేదు. దీని ఖరీదు ఇంట్లో కట్టాలి. పెళ్లిలో ఏ చిన్న తేడా వచ్చినా మీ కోర్టు వాయిదా వల్లే అంటారు. ఆ మాట మీరు మోయగలరా లేదా అన్నది నేను చెప్పలేను. మోయగలిగిన వాళ్లని చూశాను, నాలుగేళ్ల తర్వాత కూడా మోస్తూనే ఉన్నవాళ్లనీ చూశాను.

రెండు, చిన్నాన్నగారు చెప్పినట్టు వాయిదాలు తీసుకోవడం. ఇద్దరూ కలిసి అడిగినా కోర్టు ఇచ్చి తీరాలని లేదు. ఒక్కో పక్షానికి మూడు వాయిదాలకి మించకూడదని 17వ ఆర్డరులో రాసి ఉంది. మరీ తప్పని పరిస్థితుల్లో సడలింపు ఉన్నా, ఖర్చులు కట్టమనొచ్చు, విసుగొచ్చి, ఇక మీ సాక్ష్యం అక్కర్లేదని ఎవిడెన్స్ క్లోజ్ చెయ్యొచ్చు. క్లోజ్ అయ్యాక రీఓపెన్ చేయించుకోవడం ఎంత తలనొప్పో మీ ప్లీడరుగారి గుమస్తాని అడగండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఇంకొకటుంది. ఆపాం కదా అని వాయిదా రోజు ఎవరూ వెళ్లరు. అవతలి ప్లీడరు వస్తాడు, మీ దావా హాజరు లేక కొట్టేస్తారు. ముప్పై రోజుల్లోపు పిటిషన్ వేసి, రాకపోవడానికి సరైన కారణం చూపిస్తేనే పునరుద్ధరిస్తారు. ఈకోర్ట్స్ యాప్‌లో మీ కేసు సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకీ కోర్టు ఇచ్చే పదహారు అక్షరాల, అంకెల గుర్తింపు నంబరు) కొడితే తర్వాతి వాయిదా ఎప్పుడో కనిపిస్తుంది. ఎవరి మాటా నమ్మక్కర్లేదు.

మూడో దారి రాజీ ప్రయత్నానికి పంపమని కోర్టునే అడగడం. చిన్నాన్నగారు అందరం కూర్చుని తేలుద్దాం అన్నారు కదా, ఆ కూర్చోవడమేదో కోర్టు పంపిన మధ్యవర్తి ఎదుటో, లోక్ అదాలత్‌లోనో కూర్చోమనండి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 89వ సెక్షన్ ఉన్నది అందుకే. అక్కడ మాట్లాడుకున్న మాటలు రేపు సాక్ష్యంలో వాడరు. కుదిరితే లోక్ అదాలత్ అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. కుదరకపోతే కేసు ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. చిన్నాన్నగారిని కూడా రమ్మనండి, ఆయన పెద్దరికానికి లోటు రాదు. ఒక్కటి గుర్తుంచుకోండి, ఇంట్లో తెల్లకాగితం మీద రాసుకున్న ఒప్పందంతో దావా ముగియదు. అది రాతలో ఉండాలి, అందరూ సంతకాలు చెయ్యాలి, కోర్టు నమోదు చెయ్యాలి. అమ్మ సంతకం కూడా అందులో ఉండాలి. ఆ రోజు ఆవిడ వాటా ఏమవుతోందో ఆవిడకి ఎవరైనా అర్థమయ్యేలా చెప్పాలి, ఆ చెప్పేది మీరూ అన్నయ్యా కాకుండా ఉంటే మంచిది.

నా మొగ్గు ఈ మూడోదాని వైపే, అదీ షరతులతో. పెద్దాయన సాక్ష్యం ముందే రికార్డవ్వాలి. అసలు వీలునామా కోర్టు కస్టడీలోకి రావాలి. తోట అమ్మనని, తాకట్టు పెట్టనని, చెట్లు కొట్టనని, ఈ కాపు లెక్క కోర్టుకిస్తానని అన్నయ్య రాతపూర్వకంగా హామీ వెయ్యాలి. ఆ తర్వాత మీ క్రాసూ, అన్నయ్య క్రాసూ ఒక నిర్ణీత తేదీ దాకా వెనక్కి పెట్టుకోవచ్చు, వైశాఖం అనే గాలిమాట కాకుండా ఫలానా తేదీ అని. దీనివల్ల పెళ్లికి ముందు అన్నాచెల్లెళ్లు బోనెక్కరు, చిన్నాన్నగారు అడిగింది అదే కదా. అన్నయ్య ఇందులో ఏదైనా ఒకదానికి ససేమిరా అంటే, ఆయన దేనికి కాదన్నాడో చూసుకుని అప్పుడు మీ నిర్ణయం తీసుకోండి.

స్టే పిటిషన్ వేస్తామన్న కబురుకి మరీ భయపడకండి, మరీ తేలిగ్గానూ తీసుకోకండి. పోలీసు కేసు ఉందని దావా ఆగిపోవాలన్న నియమం లేదు. మామూలుగా క్రిమినల్ కేసుకి ముందు చోటివ్వాలని, అయినా దానికి కరాఖండి సూత్రం లేదని సుప్రీంకోర్టు 1954లోనే అంది. రెండు చోట్లా రుజువు కొలత వేరని, ఒకచోట తేలింది రెండోచోటికి కట్టుబాటు కాదని 2005లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మీ పోలీసు కేసులో ఛార్జిషీటు కూడా లేదు, అది ఎప్పటికి తేలుతుందో చెప్పలేని పరిస్థితిలో దానికోసం సివిల్ దావాని ఆపమనడం ఎంతవరకు న్యాయమన్నది మీ ప్లీడరుగారు గట్టిగా వాదించగల పాయింటు. ఆ స్టే పిటిషన్ ఇక్కడ కొట్టేస్తే వాళ్లు అమరావతి హైకోర్టుకి రివిజన్ వెళ్లొచ్చు, అంటే ఆ ఆర్డరుని సరిచూడమని అడగొచ్చు. వెళ్లినంత మాత్రాన కింది కోర్టు ఆగదు, ఆర్డరు రావాలి. మీకు చెప్పకుండా ఆర్డరు రాకుండా కేవియట్ వేసే వీలుందా అని అడగండి, దాని బలం 90 రోజులు. ఇక ఆరు నెలలకి స్టే దానంతటదే పోతుందన్న మాట పాతది. 2018లో సుప్రీంకోర్టు అలాంటి తీర్పు ఇచ్చిన మాట నిజమే. 2024 ఫిబ్రవరి 29న ఐదుగురు జడ్జిల ధర్మాసనం దాన్ని పక్కన పెట్టింది. ఇప్పుడు హైకోర్టు స్టే వస్తే, దాన్ని తీయించుకునేదాకా ఉంటుంది. పెద్దాయన ఆరోగ్యం దృష్ట్యా ఈ తేడా మీకు చిన్నది కాదు.

ఆరో పేజీలో, సంతకానికి పైన, చిన్న అక్షరాలతో ఒక వాక్యం రాశారు: "నిజం చెప్పాలంటే క్రాస్ అంటే నాకు కాళ్లు వణుకుతున్నాయండి." మిగతా ఐదు పేజీల్లో ఆపడానికి రాసిన కారణాలన్నీ వేరేవాళ్లవి. ఇది ఒక్కటే మీది. అందుకే దీనికి విడిగా జవాబు చెప్పాలి.

ఆ టెన్షన్ మీ ఒక్కరికే కాదు, ముప్పై ఏళ్లు సర్వీసు చేసిన మాస్టార్లు కూడా బోనులో మంచినీళ్లు అడుగుతారు. మీ పెళ్లికి ఎంత ఇచ్చారు, నాన్నగారిని ఆసుపత్రికి ఎవరు తిప్పారు, మీరెన్నిసార్లు వచ్చారు అని అడుగుతారు. చివరి రెండేళ్లు వదినగారే చూసుకున్నారని మీరే రాశారు, అదే చెప్పండి. దానివల్ల వీలునామా సంతకం నిజమైపోదు. గుర్తులేనిదానికి గుర్తులేదని, తెలియనిదానికి తెలియదని అనొచ్చు, అవి ఓడిపోయిన జవాబులేమీ కావు. ముందురోజు ప్లీడరుగారి ఆఫీసులో కూర్చుని మీ చీఫ్ అఫిడవిట్ ఒకసారి తెలుగులో చదివించుకోండి. అందులో ఏముందో సరిగా తెలియకుండా సంతకం పెట్టి, క్రాస్‌లో తడబడేవాళ్లని నేను లెక్కలేనంతమందిని చూశాను. ఈ భయం వల్ల మీరు వాయిదా కోరుకుంటుంటే ఆ మాట ప్లీడరుగారికి సూటిగా చెప్పండి. పెళ్లి పేరు మీద తీసుకున్న ఆరు నెలల తర్వాత కూడా కాళ్లు వణుకుతూనే ఉంటాయి, అప్పటికి ఆ పెద్దాయన ఉంటారో లేదో.

ఇక పెళ్లి. వెళ్లండి. మేనత్త లేకుండా మేనకోడల్ని పెళ్లికూతుర్ని చేస్తారా? అక్షింతలు వేసినంత మాత్రాన, ఫొటోలో అన్నయ్య పక్కన నిలబడినంత మాత్రాన మీ వాటా వదులుకున్నట్టు ఏ కోర్టూ అనుకోదు. ఆడపడుచు లాంఛనం ఇస్తే తీసుకోండి, అది తోటకి బదులుగా ఇచ్చింది కాదు. పందిట్లో ఎవరైనా కాగితం తెచ్చి సంతకం పెట్టమంటే, అది ఎంత చిన్న కాగితమైనా, ప్లీడరుగారికి చూపించి పెడతానని చెప్పి సంచిలో పెట్టుకోండి. కేసు మాటెత్తినవాళ్లకి, అది కోర్టులో ఉందండీ, ఇక్కడ పిల్ల పెళ్లి చూద్దాం అనండి. అమ్మకి ఈ మాట ఇప్పుడే చెప్పండి, మాఘం దాకా ఆవిడని ఏడిపించడం ఎందుకు?

వాయిదాకి పద్దెనిమిది రోజులే ఉంది. ఈ వారమే ప్లీడరుగారిని కలిసి, పెద్దాయన సాక్ష్యం పిటిషన్ ఆ వాయిదా కన్నా ముందే వెయ్యమనండి. కమిషనర్ వచ్చే రోజు గురించి కూడా అందులో రాయించండి. డయాలసిస్ అయిన రోజు ఆ వయసులో మనిషికి కూర్చునే ఓపిక ఉండదు. సోమ, గురువారాలు వదిలేసి, బుధవారమో శనివారమో, పొద్దున పూట అడగండి.